ఫొటో ల్యాబ్ ప్రింటుకు డిజిటల్ చిత్రాల తయారీ, అప్‌లోడ్: ఇబ్రహీంపట్నం పరిసరాల ఆధారంగా

కెమెరాతోనో ఫోన్‌తోనో తీసిన చిత్రాన్ని ల్యాబ్ యంత్రానికి తగినట్టు కొలత, రంగు, ఫైలు రూపం సరిచూసి, నాణ్యత చెడకుండా ల్యాబ్‌కు చేర్చే పనిని ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రింటు బాగా రాకపోతే సాధారణంగా ల్యాబ్‌ను తప్పుపడతారు. కానీ యంత్రం తనకు అందిన పిక్సెళ్లనే కాగితం మీదికి ఎక్కిస్తుంది. ప్రింటు మంచిచెడ్డలు చాలావరకు ఫైలు ల్యాబ్‌కు చేరకముందే తేలిపోతాయి.

ఇబ్రహీంపట్నం రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో, నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు ఈ ఊరికి, ఇక్కడి పెద్ద చెరువుకు నిలిచింది. చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు, వాటి వెనక పల్లెలు. అందువల్ల ఇక్కడి స్టూడియోకు రెండు రకాల పని వస్తుంది: ఒకవైపు పెళ్లి ఆల్బమ్, బతుకమ్మ ఫొటోలు, పెద్దల పటాలు, మరోవైపు హాల్‌టికెట్ ఫొటోలు, వీసా ఫొటోలు, ఫేర్‌వెల్ గ్రూపు ఫొటోలు. పాస్‌పోర్ట్ సైజు, 4×6 ప్రింట్లను చిన్న ప్రింటర్ మీద అక్కడికక్కడే తీసి ఇవ్వవచ్చు. ఆల్బమ్ షీట్లకు పెద్ద యంత్రం కావాలి కనుక ఇలాంటి ఊళ్లలోని స్టూడియోలు వాటిని నగరంలోని ల్యాబ్‌లకు పంపుతాయి. ఒకప్పుడు నెగెటివ్‌ల కవర్లు పట్టుకుని బస్సెక్కేవారు. ఇప్పుడు ఫైళ్లను నెట్‌లో పంపుతున్నారు.

గాజు పలక నుంచి లేజర్ దాకా

ఈ ప్రాంతంలో ఫొటో ప్రింటుకు పాత చరిత్రే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకల మీద చిత్రాలు తీసేవారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ఆయన తెరిచిన జనానా స్టూడియోను ఒక ఆంగ్ల మహిళ నడిపారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొనుగోలు చేసింది. ఆ కాలంలో పలకను కాగితానికి ఆనించి వెలుతురు చూపించడమే ప్రింటింగ్. పలక ఎంత ఉంటే ప్రింటూ అంతే. ఎన్‌లార్జర్లు వ్యాపించాక ఆ కట్టు తెగింది, అయినా చిన్న నెగెటివ్‌ను మరీ పెంచితే గరుకుదనం బయటపడేది. పిక్సెళ్లకూ ఇదే నియమం వర్తిస్తుంది.

నలుపు తెలుపు రోజుల్లో ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన ‘ఇందు’ కాగితం దేశమంతటా స్టూడియోల డార్క్‌రూముల్లో కనిపించేది. తర్వాత కలర్ ల్యాబ్‌లు, నోరిత్సు, ఫ్యూజీ కంపెనీల మినీల్యాబ్‌లు వచ్చాయి. 1990ల రెండో సగం నుంచి మినీల్యాబ్ డిజిటల్ అయింది. నెగెటివ్ గుండా కాంతిని పంపే బదులు, ఫైలులోని సమాచారాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లు నేరుగా కాగితం మీద రాస్తాయి. ఆ కాగితం మాత్రం పాత తరహా వెండి లవణాల కాగితమే. నీలి కాంతి తగిలిన పొరలో పసుపు రంగు, ఆకుపచ్చ కాంతి తగిలిన పొరలో మెజెంటా, ఎరుపు కాంతి తగిలిన పొరలో సయాన్ ఏర్పడతాయి. ఆర్‌ఏ-4 అనే ఈ రసాయన ప్రక్రియలో డెవలపర్ 35 డిగ్రీల వేడి వద్ద 45 సెకన్లు, బ్లీచ్-ఫిక్స్ మరో 45 సెకన్లు, ఆపైన కడుగుడు. కాగితం ఆరి నిమిషాల్లో బయటికి వస్తుంది.

దీనితోపాటు మరో మూడు రకాల యంత్రాలు వాడుకలో ఉన్నాయి. స్టూడియో బల్ల మీద ఉండేది డై-సబ్లిమేషన్ ప్రింటర్. రిబ్బన్ మీది రంగును వేడితో కాగితంలోకి ఎక్కిస్తుంది. రెండోది ఇంక్‌జెట్. మూడోది డిజిటల్ ఆఫ్‌సెట్ ప్రెస్. చిరగని షీట్ల ఆల్బమ్‌లు, ఫొటోబుక్‌లు దీని మీద వస్తాయి. ఏ యంత్రానికి పంపుతున్నామో ముందే కనుక్కోవడం అవసరం, ఎందుకంటే ఒకే ఫైలు వెండి కాగితం మీద ఒక తీరుగా, ప్రెస్ మీద మరో తీరుగా కనిపిస్తుంది.

పిక్సెళ్ల లెక్క

ల్యాబ్ ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ప్రామాణికం. 4×6కు 1200×1800, 8×12కు 2400×3600, 12×36 ఆల్బమ్ షీటుకు 3600×10800 పిక్సెళ్లు కావాలి. ఫొటోషాప్‌లో ఫైలు తెరవగానే ‘72’ అని చూసి కంగారుపడి దాన్ని ‘300’గా మార్చేవారు ఉంటారు. మొత్తం పిక్సెళ్లు మారకుండా ఆ అంకె మాత్రమే మారితే చిత్రంలో ఏమీ మారదు. అది ఫైలుకు తగిలించిన చీటీ. చూడవలసింది పొడవు, వెడల్పు పిక్సెళ్లను.

300 కన్నా తగ్గితే ప్రింటు పనికిరాదని కాదు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ చిత్రం 4000×3000 ఉంటుంది. దాన్ని 12×18కి పెంచితే అంగుళానికి 222 పిక్సెళ్లు వస్తాయి. గోడ మీద పెట్టే పటానికి అవి చాలు. 150 దాకా కూడా దూరం నుంచి చూసేవాటికి నడుస్తుంది. రోడ్డు మీది ఫ్లెక్సీ 72–100 మధ్య కూడా బాగానే కనిపిస్తుంది, దాన్ని ఎవరూ చేతిలో పట్టుకుని చూడరు కనుక.

కాలేజీ గ్రూపు ఫొటోలో ఈ లెక్క వేరే రూపంలో ఎదురవుతుంది. వరుసకు 25 మంది నిలబడితే, 4000 పిక్సెళ్ల వెడల్పులో ఒక్కొక్కరికి దక్కేది 160. అందులో ముఖం సగం అనుకుంటే 80 పిక్సెళ్లు. అదే 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో వెడల్పు 6000, ఒక్కొక్కరికి 240. ఫోన్ తెరపై రెండూ ఒకేలా ఉంటాయి. తేడా 12×18 ప్రింటులో తేలుతుంది: వెనక వరుస కుర్రాడు తనను తాను గుర్తుపట్టగలిగేది రెండోదానిలోనే.

తల ఎందుకు తెగుతుంది

కౌంటర్ దగ్గర ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. ఫోన్ చిత్రం నిష్పత్తి 4:3, 4×6 కాగితం నిష్పత్తి 3:2. కాగితం నిండా చిత్రం రావాలంటే చిన్నవైపు నుంచి తొమ్మిదో వంతు పోవాలి. కెమెరా చిత్రం 3:2 కనుక 4×6లో, 8×12లో, 12×18లో పూర్తిగా అమరుతుంది. అదే చిత్రాన్ని 5×7లో వేస్తే పొడవులో 7 శాతం దాకా, 8×10లో వేస్తే ఆరో వంతు తగ్గుతుంది. నిలువుగా తీసిన జంట ఫొటోలో ఆ ఆరో వంతులో బాసికం ఉంటుంది, కింద పారాణి పెట్టిన పాదాలు ఉంటాయి.

యంత్రానికి వదిలేస్తే మధ్యకు సర్ది రెండువైపులా కోస్తుంది. కాబట్టి పంపేవారే ఆ నిష్పత్తిలో కోసి పంపాలి. లేదా తెల్ల అంచు వదిలి మొత్తం చిత్రం రావాలని ఆర్డర్‌లో స్పష్టంగా రాయాలి. తీసేటప్పుడే తల మీద, పాదాల కింద కాస్త చోటు వదలడం అన్నింటికన్నా మేలు.

రంగు: పసుపు, పట్టు, తంగేడు

ల్యాబ్‌లు కోరేది ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించగా 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. కెమెరాను అడోబీ ఆర్‌జీబీలో పెట్టి తీసిన ఫైలును మార్చకుండా పంపితే, దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదివే యంత్రం రంగులను వెలిసినట్టు చూపిస్తుంది. కొత్త ఐఫోన్ల చిత్రాలు డిస్‌ప్లే పీ3 అనే, ఎస్‌ఆర్‌జీబీ కన్నా విశాలమైన పరిధిలో ఉంటాయి. వాటికీ ఇదే జాగ్రత్త. ప్రొఫైల్‌ను ‘మార్చడం’ వేరు, ‘తగిలించడం’ వేరు. మొదటిది రంగును నిలుపుతూ అంకెలు మారుస్తుంది, రెండోది అంకెలు ఉంచి రంగును మార్చేస్తుంది. ఇక్కడ కావలసింది మొదటిది. సీఎమ్‌వైకే ఫైళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్‌వారు అడిగితే తప్ప పంపకూడదు.

తెలుగువారి ఇళ్లలోని రంగులు ఈ పరిధికి గట్టి పరీక్ష పెడతాయి. మంగళస్నానం ఫొటోలో పెళ్లికూతురి ముఖం, చేతులు, చీర అన్నీ పసుపే. కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ పసుపును వెలుతురు దోషంగా భావించి నీలం వైపు నెడుతుంది. ఒంటి పసుపు బూడిద తేలుతుంది. రా ఫార్మాట్‌లో తీసి ఉంటే గోడ సున్నమో పంచె తెలుపో చూసి తర్వాత సరిచేయవచ్చు. జేపెగ్ ఒక్కటే ఉంటే దిద్దుబాటుకు చోటు తక్కువ.

బతుకమ్మ ఇంకా కష్టం. తంగేడు పసుపు, బంతి నారింజ, రంగు అద్దిన గునుగు గులాబీ రంగు, మూడూ సాంద్రమైన రంగులు. తెర మీద కళగా ఉందని శాచురేషన్ పెంచితే ఎరుపు చానల్ 255 దగ్గర తెగిపోతుంది. అప్పుడు గునుగు కంకుల మీది గీతలు, తంగేడు రేకుల మధ్య నీడలు మాయమై ప్రింటులో రంగు ముద్దలు మిగులుతాయి. పట్టుచీర ఎరుపులో జరీ అంచు కలిసిపోవడానికీ కారణం ఇదే. హిస్టోగ్రామ్‌లో ఒక్కో చానల్‌ను విడిగా చూసి, అంచుకు గుద్దుకున్నదాన్ని తగ్గించాలి. తెర మీద కాస్త తక్కువ రంగుతో కనిపించే ఫైలే కాగితం మీద పువ్వును పువ్వులా చూపిస్తుంది.

ప్రింటు నల్లగా వచ్చిందనే మాటకు మూలం తరచుగా మానిటరే. వెలుతురు పూర్తిగా పెంచిన తెరపై దిద్దిన ఫైలు అక్కడ బాగుంటుంది, కాగితం మీద ముదురుగా పడుతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు. తెర కాంతి చదరపు మీటరుకు 80–120 కాండెలా మధ్య, తెలుపు 6500 కెల్విన్ వద్ద ఉంచడం వృత్తిలో ఉన్నవారి అలవాటు. క్యాలిబ్రేషన్ పరికరం లేనివారికి దారి ఒకటుంది: ముఖాలు, పట్టు, తెల్ల పంచె, రాత్రి లైటింగ్ ఉన్న నాలుగైదు ఫైళ్లను ముందుగా ల్యాబ్‌లో 4×6 తీయించి, ఆ ప్రింట్లను పక్కన పెట్టుకుని తెరను సరిచేసుకోవడం. ఆ ప్రింట్లు తీసేటప్పుడు ల్యాబ్ ఆపరేటర్‌ను డెన్సిటీ, రంగు కరెక్షన్ చేయవద్దని కోరాలి, లేకపోతే తెర తప్పో ఆపరేటర్ దిద్దుబాటో తెలియదు.

ఆల్బమ్ షీటు, తెలుగు అక్షరం

12×36 షీటు మధ్యలో మడత పడి రెండు 12×18 పేజీలవుతుంది. మడత మీద ముఖం ఉండరాదు. అంచుల్లో కటింగ్ పోతుంది కనుక పేర్లను, ముఖాలను అర అంగుళమైనా లోపల ఉంచాలి. డిజైనర్లు రెడీమేడ్ పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) టెంప్లేట్లలో ఫొటోలు కూర్చుతారు. టెంప్లేటు పూలు, మెరుపులు పెరిగేకొద్దీ తలంబ్రాల ఫొటో అగ్గిపెట్టంత అవుతుంది. నా అంచనాలో, పేజీకి ఒకటి రెండు ఫొటోలు పెద్దగా పెట్టిన ఆల్బమ్‌నే ఇంట్లో మళ్లీ మళ్లీ తీసి చూస్తారు.

తెలుగు అక్షరాల విషయంలో ప్రత్యేకమైన చిక్కు ఉంది. డీటీపీ రంగంలో విరివిగా వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పీఎస్‌డీని తెరిచి అక్షరాలను కదిలిస్తే వధూవరుల పేర్లు గుర్తుపట్టలేని గుర్తులైపోతాయి. యూనికోడ్ ఫాంటు వాడితే పాత ఫొటోషాప్ వెర్షన్లలో దక్షిణాసియా లిపులకు ఉద్దేశించిన టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. లేకపోతే ఒత్తులు విడిపోతాయి. ‘లక్ష్మి’ అనే పేరు ముక్కలై, పొల్లులు తేలి ప్రింటులోకి వెళుతుంది. ల్యాబ్‌లో ఆ లిపి చదవగలవారు ఉంటారన్న భరోసా లేదు. కాబట్టి లేయర్లను కలిపేసి, పేర్లను ఇంటివారి చేత చదివించి, జేపెగ్‌గా మాత్రమే పంపాలి. పీఎస్‌డీ తన దగ్గరే ఉంచుకోవాలి.

గుర్తింపు ఫొటోలు

35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్ట్ ఫొటోకు 300 లెక్కన 413×531 పిక్సెళ్లు. ఒక 4×6 కాగితం మీద నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో ఎనిమిది పడతాయి. పై చదువులకు అమెరికా వెళ్లే విద్యార్థులకు కావలసింది 2×2 అంగుళాల చదరం. వీసా దరఖాస్తులో అప్‌లోడ్ చేసే ఫైలు 600×600 నుంచి 1200×1200 పిక్సెళ్ల మధ్య, జేపెగ్‌లో, 240 కేబీ మించకుండా ఉండాలి; తల ఎత్తు చిత్రంలో 50 నుంచి 69 శాతం ఉండాలి; కళ్లద్దాలు కుదరవు. ముఖాన్ని నున్నగా చేసే బ్యూటీ ఫిల్టర్ ఇక్కడ ప్రమాదం, రూపం మార్చిన ఫొటోను తిరస్కరిస్తారు. ఉద్యోగ పరీక్షల కేబీ హద్దులు నోటిఫికేషన్‌కో తీరుగా ఉంటాయి. అందుకోసం కుదించిన చిన్న ఫైలునే తర్వాత ప్రింటుకు ఇవ్వడం సాధారణంగా జరిగే పొరపాటు. వెబ్‌కు ఒకటి, ప్రింటుకు ఒకటి విడిగా దాచుకోవాలి.

పంపే దారి

“అన్నా, వాట్సాప్‌ల పెట్టిన, జర పెద్దగ తియ్యి” అనే మాటతో చాలా ఆర్డర్లు మొదలవుతాయి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపితే పొడవువైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించి, జేపెగ్‌ను మళ్లీ నొక్కుతుంది. ఆ చిత్రం 4×6కు సరిపోతుంది. 12×18కి అంగుళానికి 89 పిక్సెళ్లే మిగులుతాయి. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపిక కొంత మెరుగు, అయినా అదీ కుదింపే. అదే ఫైలును ‘డాక్యుమెంట్’గా పంపితే ఒక్క పిక్సెల్ పోదు. 2022 నుంచి 2 జీబీ దాకా ఇలా పంపవచ్చు. ఈ ఒక్క అలవాటు ఊరంతటా వ్యాపిస్తే ప్రింట్ల మీద ఫిర్యాదులు చాలా తగ్గుతాయి. స్టూడియో గోడ మీద డాక్యుమెంట్ గుర్తు ఎక్కడుందో చూపే బొమ్మ ఒకటి అంటించడం మంచి పద్ధతి.

జేపెగ్ 1992 నాటి ప్రమాణం. చిత్రాన్ని 8×8 పిక్సెళ్ల గడులుగా విడదీసి, కంటికి పెద్దగా తెలియని వివరాన్ని వదిలేస్తుంది. తెరిచి దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ మరికొంత పోతుంది. కనుక దిద్దుబాట్లన్నీ పీఎస్‌డీలో చేసి, చివర ఒక్కసారే అత్యధిక నాణ్యతతో జేపెగ్ తీయాలి. ప్రొగ్రెసివ్ కాక బేస్‌లైన్ రకం మేలు, కొన్ని ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు మొదటిదాన్ని తెరవవు. ఐఫోన్‌లో 2017 నుంచి వస్తున్న హెచ్‌ఈఐసీ ఫైళ్లను జేపెగ్‌గా మార్చి పంపాలి.

ఒక 12×36 షీటు జేపెగ్‌గా 20 ఎంబీ అనుకుంటే 40 షీట్లకు 800 ఎంబీ. సెకనుకు 2 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో అది 53 నిమిషాలు, 20 మెగాబిట్లతో ఐదున్నర నిమిషాల లోపే. నెట్ ప్లాన్‌లో పెద్దక్షరాలతో కనిపించేది డౌన్‌లోడ్ వేగం. ఇక్కడ కావలసిన అప్‌లోడ్ వేగం దానికన్నా చాలా తక్కువ ఉండవచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో ఫోన్ హాట్‌స్పాట్ మీద రాత్రి పంపడం అందుకే. జిప్ చేస్తే జేపెగ్‌ల సైజు దాదాపు తగ్గదు, కానీ షీట్లన్నీ ఒకే ఫైలుగా వెళతాయి, మధ్యలో తెగితే జిప్ తెరుచుకోదు కనుక లోపం వెంటనే బయటపడుతుంది. ల్యాబ్ సొంత అప్‌లోడర్ ఉంటే అదే వాడాలి. కాగితం రకం, షీట్ల సంఖ్య, ఆల్బమ్ ప్యాడ్ (అట్ట) వివరం ఫైళ్లతోపాటే నమోదవుతాయి.

ఫైళ్లకు 001, 002 అని పేర్లు పెట్టాలి. 1, 2, 10 అని పెడితే కొన్ని యంత్రాలు 1 తర్వాత 10ని తీసుకుంటాయి. మాంగల్యధారణ కంటే ముందు అప్పగింతలు వస్తాయి. తెలుగులో పేర్లు పెట్టిన ఫైళ్లు పాత సాఫ్ట్‌వేర్లలో తెరుచుకోకపోవచ్చు, ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు సురక్షితం. ల్యాబ్‌లో ఫైళ్లు కొద్దికాలమే ఉంటాయి. ఒరిజినల్స్ వేర్వేరు రెండు డిస్క్‌లలో ఉంచుకోవడం స్టూడియో బాధ్యత.

పెద్దల పటం

ఈ పనిలో అన్నింటికన్నా సున్నితమైనది ఇదే. ఇంట్లో పెద్దవారు పోయాక, దశదిన కర్మ నాటికి దండ వేసే పటం కావాలని వస్తారు. చేతిలో ఉండేది ఆధార్ కార్డు, లేకపోతే మనవడి ఫోన్‌లోని వాట్సాప్ డీపీ. డీపీ 640 పిక్సెళ్ల చదరం అనుకుంటే, 12 అంగుళాల వెడల్పుకు అంగుళానికి 53 పిక్సెళ్లు. కృత్రిమ మేధ పరికరాలు ఆ లోటును క్షణంలో పూడ్చి మెరిసే ముఖాన్ని ఇస్తాయి. కానీ అవి లేని వివరాన్ని ఊహించి గీస్తాయి: కనురెప్పల మడత మారుతుంది, ముక్కుపుడక చోటు జరుగుతుంది, నుదుటి గీతలు పోతాయి. ఇంటివారికి అది తమ అమ్మలా ఉండదు, ఎందుకో చెప్పలేరు. అలాంటి ఫైలును 5×7కు పరిమితం చేసి, చుట్టూ వెడల్పాటి మౌంటుతో పెద్ద ఫ్రేములో పెట్టడం నిజాయితీగల పరిష్కారం.

అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న, ఇంట్లో పాత పెళ్లి ఫొటోలో కాగితం ప్రింట్లో ఉన్నాయా అని. 4×6 ప్రింటును 600 లెక్కన స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, అంటే 8×12కు నిండుగా సరిపోతాయి. ఫోన్‌తో ఫొటో తీస్తే గ్లాసీ కాగితం మీద వెలుతురు మరక పడుతుంది, మూలలు వంగుతాయి. ఫ్లాట్‌బెడ్ స్కానరే సరైనది. దుమ్మును ముందు మెత్తని బ్రష్‌తో దులపాలి. గాజుకు అతుక్కుపోయిన ఫొటోను లాగకుండా గాజుతోనే స్కాన్ చేయాలి. మరకలు, గీతలు దిద్దవచ్చు, ముఖం జోలికి వెళ్లకూడదు. నలుపు తెలుపు ఫొటోను రంగుల్లో స్కాన్ చేసి తర్వాత గ్రేకు మార్చితే పసుపు మరకలను విడదీయడం తేలిక. పాత ప్రింటును ఇంటివారికి తిరిగి ఇచ్చేటప్పుడు స్కాన్ ఫైలును కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వాలి. సంవత్సరీకం నాటికి అదే పటాన్ని మరో కొడుకో కూతురో తమ ఇంటి కోసం అడుగుతారు.